రాళ్లకు ఇల్లు కట్టిన బీర్బల్ సాహ్ని

మా చెలక గెట్టు మీద ఒక రాయి ఉంది. మోకాలెత్తు ఉంటుంది, నల్లగా, పొడుగ్గా. మా తాత పాతింది. చిన్నప్పుడు దానిమీద కూర్చొని మక్కకంకులు కాల్చుకు తిన్నవాణ్ణి. డిగ్రీ మొదటి సంవత్సరంలో బాటనీ రికార్డులో శిలాజాల బొమ్మలు వేసి, సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి చూస్తేగాని తెలియలేదు, అది ఒకప్పటి చెట్టని. పక్కనుంచి చూస్తే కట్టె చీల్చినప్పుడు కనిపించే పోగులు, కొసన చూస్తే వలయాలు. మాది ప్రాణహిత ఒడ్డు. గోండ్వానా పొరలున్న నేల కాబట్టి అలాంటివి దొరకడంలో వింతేమీ లేదు. వింతల్లా ఇరవై ఏళ్లు దానిమీద కూర్చొని కూడా నేను చూడకపోవడమే.

దాని పక్కనే విరిగిపడిన ఒక ముక్కను సంచిలో వేసుకొచ్చి మా లెక్చరర్ గారికి చూపించాను. పేరు చెప్తారని నా ఆశ. ఆయన పేరు మాట ఎత్తలేదు. ఎక్కడ దొరికిందని అడిగారు. మా గెట్టు మీద అన్నాను. గెట్టుకు ఎక్కడినుంచి వచ్చిందని అడిగారు. తాత బండిమీద వేసుకొచ్చాడట, అంతకుమించి తెలియదు. తాత పోయి ఆరేళ్లయింది. సారు ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి నా చేతిలోనే పెట్టేశారు. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికి బాగుంటుందన్నారు. నవ్వుతూనే అన్నారు గాని నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఆయనే, లైబ్రరీకి వెళ్లి బీర్బల్ సాహ్ని జీవితం చదవమని చెప్పారు. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

సాహ్ని పేరు మన బాటనీ విద్యార్థులకు కొత్త కాదు. జిమ్నోస్పెర్ముల పాఠంలో విలియమ్సోనియా దగ్గర ఒకసారి, పెంటాక్సైలాన్ దగ్గర ఒకసారి వస్తుంది. ఆయన ఎన్ని మొక్కలకు పేర్లు పెట్టారో పుస్తకాల్లో ఉంది. ఆ మొక్కలు ఇప్పుడెక్కడున్నాయి, ఎవరు చూస్తున్నారు, అవి అక్కడ ఉండడానికి ఆయన ఏమేం వదులుకున్నారు అన్నది మన సిలబస్‌లో లేదు. నాకు ఆ కథే పెద్దదిగా తోచింది.

ఆయన 1891 నవంబరు 14న పశ్చిమ పంజాబులోని భేరా అనే ఊళ్లో పుట్టారు. ఆ తేదీన మనం బాలల దినోత్సవం చేసుకుంటాం. నెహ్రూగారి పుట్టినరోజూ అదే. ఈ ఇద్దరి దారులూ చివరలో ఒకచోట కలుస్తాయి, అది తర్వాత చెప్తాను. తండ్రి రుచిరామ్ సాహ్ని లాహోరు గవర్నమెంటు కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు, బ్రహ్మసమాజీకుడు, సంఘసంస్కర్త. సెలవులొస్తే పిల్లల్ని వెంటబెట్టుకొని హిమాలయాల్లోకి నడిపించుకుపోయేవాడు. జోజిలా కనుమ దాటిన నడకలు కూడా వాటిలో ఉన్నాయి. ఇక భేరాకు దగ్గర్లోనే సాల్ట్ రేంజి, అంటే ఉప్పుకొండలు. భూగర్భశాస్త్రానికి తెరిచిపెట్టిన పుస్తకం అంటారు దాన్ని. అలాంటి చోట పుట్టిన పిల్లవాడు రాయి చూస్తే ఆగకుండా ఎలా పోతాడు?

లాహోరులో శివరామ్ కశ్యప్ దగ్గర బాటనీ చదివి 1911లో బి.ఎస్సీ. అయ్యారు. తండ్రికి కొడుకు ఐ.సి.ఎస్. రాయాలని ఉండేది. ఆ రోజుల్లో ఏ తండ్రికి ఉండదు? కొడుకు మాత్రం, ఆజ్ఞాపిస్తే వెళ్తాను గాని నా ఇష్టానికి వదిలేస్తే బాటనీ తప్ప ఇంకోటి వద్దని తేల్చి చెప్పాడు. తండ్రి ఇష్టానికే వదిలేశాడు. మా ఇళ్లల్లో ఈ మాట అనడం ఎంత కష్టమో, విని ఊరుకోవడం అంతకన్నా ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి ఇక్కడ నాకు రుచిరామ్ గారి మీదే ఎక్కువ గౌరవం కలిగింది.

కేంబ్రిడ్జిలో ఇమ్మాన్యుయేల్ కాలేజీ. 1914లో పట్టా. తర్వాత ఎ.సి. సీవార్డ్ దగ్గర పరిశోధన. అప్పట్లో వృక్షశిలాజాల్లో సీవార్డ్‌ది పెద్దపేరు. గురుశిష్యులిద్దరూ కలిసి భారతదేశపు గోండ్వానా మొక్కలను మళ్లీ మొదటినుంచి పరిశీలించి 1920లో ఒక గ్రంథం తెచ్చారు. ఇక్కడ కాస్త ఆగి, ఆ మొక్కలు ఎక్కడివో చెప్పాలి. మన దేశపు శిలాజ సేకరణ చరిత్ర అక్కడే మొదలవుతుంది.

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1851లో థామస్ ఓల్డ్‌హామ్ నాయకత్వంలో కలకత్తాలో మొదలైంది. ప్రభుత్వానికి కావలసింది బొగ్గు. బొగ్గు ఏ పొరలో ఉందో తెలియాలంటే ఆ పొరలోని ఆకుల ముద్రలు చూడాలి. అలా బొగ్గు కోసం పోయినవాళ్లు ఆకులు తెచ్చారు. మన సింగరేణి బొగ్గు కూడా నాలుకలాంటి ఆకుండే గ్లాసాప్టెరిస్ కాలానిదే. పోగైనవాటిని అచ్చువేయడానికి 1861 నుంచి పేలియంటోలాజియా ఇండికా అనే గ్రంథమాల పెట్టారు. రాజమహల్ కొండల మొక్కల మీద ఓల్డ్‌హామ్, మోరిస్ రాసిన పుస్తకం 1863లో వచ్చింది. ఆ తర్వాత ఆటోకర్ ఫైస్ట్‌మాంటెల్ అనే ఆయన వచ్చి దేశం నలుమూలల గోండ్వానా మొక్కలన్నిటినీ వర్ణించాడు. 1877లో ఆయన రాసిన ఒక భాగం మన ఏలూరు దగ్గరి గొల్లపల్లి ఇసుకరాళ్లలోని ఆకుల గురించే. మన పక్కనున్న గొల్లపల్లి పేరు లోకమంతా చదివే పుస్తకంలో నూటయాభై ఏళ్లుగా ఉందన్నమాట.

ఆ రాళ్లన్నీ కలకత్తాలో ఉన్నాయి. అయితే వాళ్లు చూసింది చాలామటుకు పైపై ఆకారం: ఆకు పొడవెంత, ఈనెలెలా చీలాయి. సాహ్ని కాలానికి పద్ధతి మారింది. ఆకు మీది పల్చని పొరను ఆమ్లంతో విడదీసి పత్రరంధ్రాలు చూడవచ్చు. రాతిగా మారిన కట్టెను కోసి కణాలు లెక్కపెట్టవచ్చు. అలా చూడాలంటే ఫైస్ట్‌మాంటెల్ ఏ రాయిని చూసి ఆ పేరు పెట్టాడో సరిగ్గా ఆ రాయే కావాలి. దాని బొమ్మతో పని జరగదు. దానిలాంటి ఇంకోటైనా పనికిరాదు. దీన్నే టైపు స్పెసిమన్ అంటారు. పేరు వెళ్లి ఆ ఒక్క రాయికి కట్టబడి ఉంటుంది. రాయి పోతే పేరు గాలిలో మిగులుతుంది. ఇలా పాత రాళ్లను మళ్లీ తీసి చూసి సాహ్ని 1928లోనూ 1931లోనూ కోనిఫర్ల మీద సవరణలు అచ్చువేశారు. ఒకడు డెబ్బై ఏళ్లకింద దాచింది ఇంకొకడికి దొరకడమంటే ఏమిటో ఆయనకు అక్కడ తెలిసొచ్చి ఉంటుందని నా ఊహ.

మనకు తెలిసిన పోలిక చెప్తాను. భూమికి సర్వే నెంబరు ఎలాంటిదో శిలాజానికి చీటీ అలాంటిది. ఏ ఊరు, ఏ వాగు, ఏ పొర, ఎవరు తీశారు, ఏ రోజు. నెంబరు లేని భూమిని ఎంత దున్నుకున్నా అది మనదని చూపించలేం. చీటీ లేని శిలాజం కూడా అంతే. ఎంత అందంగా ఉన్నా సాక్ష్యం చెప్పదు. నా సంచిలోని ముక్క సంగతి ఇదేనని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

1919లో లండన్ యూనివర్సిటీ డి.ఎస్సీ.తో తిరిగి వచ్చి బెనారసులో ఒక ఏడాది, లాహోరులో ఒక ఏడాది పనిచేశారు. 1920లో సావిత్రిగారితో పెళ్లి. 1921లో లక్నో యూనివర్సిటీలో బాటనీ శాఖకు మొదటి ప్రొఫెసరు. ఇక చనిపోయేదాకా లక్నోనే. 1929లో కేంబ్రిడ్జి ఎస్‌సి.డి., 1936లో ఎఫ్.ఆర్.ఎస్. ఈ బిరుదుల పట్టిక మీరెక్కడైనా చదువుకోవచ్చు కాబట్టి పొడిగించను. ఒక విశేషం మాత్రం వదలలేను. 1936లో రోహ్‌తక్ దగ్గర ఖోఖ్రాకోట్ అనే పాటిదిబ్బ మీద తిరుగుతూ ఆయన కొన్ని మట్టిపెళ్లలు ఏరారు. అవి ప్రాచీన కాలంలో నాణేలు పోసిన అచ్చులు! వాటిని కూడా మొక్కల్ని చదివినట్టే చదివి, ఆ నాణేలు పోసిన పద్ధతి మీద 1945లో ఒక గ్రంథం రాశారు. నాణేల శాస్త్రజ్ఞులు ఆయనకు పతకం ఇచ్చారు. నేల చూసి నడిచేవాడికి నేల ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుంది.

ఆయన పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది పెంటాక్సైలాన్ కథ. రాజమహల్ కొండల్లో నిపానియా అనే పల్లె ఉంది. అప్పుడు బీహారు, ఇప్పుడు జార్ఖండ్. అక్కడి చెకుముకిలాంటి గట్టిరాతిలో పురాతన కాలపు మొక్కల ముక్కలు కణాలతో సహా నిలిచి ఉన్నాయి. ఒకరు కాండం వర్ణించారు. అడ్డంగా కోస్తే సాధారణంగా ఐదు కట్టెదిమ్మెలు వలయంలా కనిపిస్తాయి, అందుకే ఆ పేరు. ఆకుకు నిపానియోఫిల్లం అని వేరే పేరు పెట్టారు. గింజల కంకికి కార్నొకొనైటిస్ అని ఇంకో పేరు. మూడు పేర్లు, మూడు మొక్కలు అనుకున్నారు. ఒకే పల్లె, ఒకే రాయి, ఒకే పొర అన్న సంగతి నమూనాలతోపాటు భద్రంగా ఉంది. కోసిన పలకల్లో ఆకుతొడిమలోని అమరిక కాండంలోదానితో సరిపోయింది. కంకిని మోసిన కాడ కూడా అలాగే. అన్నిటినీ జోడించి, ఇవన్నీ ఒకే చెట్టువని, ఆ చెట్టు మనకు తెలిసిన ఏ వర్గంలోనూ ఇమడదని, దాన్ని పెంటాక్సిలీ అనే కొత్త వర్గంగా 1948లో ప్రకటించారు. ఆ ముక్కల్లో ఒక్కదాని చీటీ ఊడిపోయి ఉన్నా ఈ జోడింపు జరిగేది కాదు.

ఆ పలకలు చేయడం ఎంత ఓపిక పనో చెప్పాలి. రాయిని రంపపు చక్రంతో పల్చగా కోసి, ఒక ముఖం నున్నగా అరగదీసి గాజుపలకకు అంటిస్తారు. రెండో ముఖాన్ని కార్బోరండం పొడితో, వెంట్రుక మందంకన్నా తక్కువై వెలుగు దూరేదాకా అరగదీయాలి. ఒక్క నిమిషం ఎక్కువ రుద్దితే పదికోట్ల ఏళ్లకు పైగా నిలిచింది నీళ్లలో కలిసిపోతుంది. ఒక రాయి నుంచి పది పలకలొస్తే పదింటిమీదా ఆ రాయి నెంబరే ఉండాలి, వరస తప్పకుండా. రాయిమీద, పలకమీద, రిజిస్టరులో, అచ్చయిన వ్యాసంలో ఒకే నెంబరు కనబడాలి. నాలుగింట్లో ఒకచోట తప్పినా వెతికేవాడు దారి తప్పుతాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. లక్నోలో ఆయన దగ్గర పాతికేళ్ల సేకరణ పేరుకుపోయింది. విదేశాల్లో తిరిగినప్పుడు తెచ్చినవి, శిష్యులు మోసుకొచ్చినవి, మార్పిడికి వచ్చినవి. వాటికితోడు పెద్ద లైబ్రరీ. ఇవన్నీ ఎవరివి? చట్టప్రకారం ఆయనవే. ఆయన తర్వాత? కాలేజీల్లో మనం చూస్తూనే ఉంటాం. ప్రొఫెసరు గారు రిటైరవుతారు, కొత్తాయనకు వేరే విషయం ఇష్టం, బీరువా తాళంచెవి కనబడదు. ఒక వానాకాలం గడిచాక చీటీలు చెదపురుగులకు, రాళ్లు తోటలో పూలకుండీల చుట్టూ. నేనొక కాలేజీలో అచ్చం ఇలాంటి పూలకుండీ చూశాను. ఏ కాలేజీ అని అడక్కండి. సర్వే వాళ్లకు ఖనిజాల పని ముందు. వృక్షశిలాజాలకు తమదంటూ ఒక ఇల్లు దేశంలో లేదు.

1939లోనే సాహ్ని దేశంలోని వృక్షశిలాజ పరిశోధకులను ఒక కమిటీగా కూడగట్టారు. యుద్ధం ముగిశాక 1946లో పేలియోబొటానికల్ సొసైటీ ఏర్పడి ట్రస్టు రాసుకున్నారు. ఆ ట్రస్టుకు మూలధనం సాహ్ని దంపతులదే: సొంత డబ్బు, స్థిరాస్తి, లైబ్రరీ, శిలాజాలు. అదే ఏడాది సెప్టెంబరు 10న ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. పుట్టిందంటే బాటనీ శాఖలోనే ఒక మూల. వాళ్లకు పిల్లలు లేరు కాబట్టి ఇచ్చారని కొందరు తేలిగ్గా అంటారు. నేను ఒప్పుకోను. మా ఊళ్లో పిల్లలు లేనివాళ్లనూ చూశాను, గుంట భూమి కోసం అన్నదమ్ముల బిడ్డలతో కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లను. ఇవ్వగలిగిన మనసు వేరు.

1947లో దేశం చీలింది. భేరా, లాహోరు, ఉప్పుకొండలు, చిన్నప్పుడు మొదటి రాళ్లు చూసిన నేలంతా అవతలికి పోయింది. 1948లో సంయుక్త రాష్ట్ర ప్రభుత్వం లక్నోలో మూడున్నర ఎకరాల స్థలం, అందులో ఒక పెద్ద బంగళా ఇచ్చింది. సంస్థ అక్కడికి మారింది. కొత్త భవనానికి శంకుస్థాపన 1949 ఏప్రిల్ 3న, నెహ్రూగారి చేతుల మీదుగా. ఆ శిల కూడా మామూలు పాలరాయి కాదు. రకరకాల దేశాల, రకరకాల యుగాల శిలాజాలను పొదిగి సాహ్ని తయారుచేసిన పలక.

వారం తిరగలేదు. ఏప్రిల్ 9 అర్ధరాత్రి దాటాక గుండెపోటుతో ఆయన పోయారు. యాభై ఏడేళ్లు. 1950లో స్టాక్‌హోంలో జరగబోయే అంతర్జాతీయ బాటనీ మహాసభకు ఆయన్ను గౌరవాధ్యక్షుడిగా ఎన్నుకొని ఉన్నారు. సంస్థను పెంచి పోషించమని భార్యతో చెప్పిందే చివరిమాట అంటారు. ఆ ఆవరణలోనే, ఆ శిల పక్కనే దహనం చేశారు. సమాధి కూడా అక్కడే ఉంది.

ఒక్కసారి ఆలోచించండి. పునాదిరాయి ఉంది, గోడల్లేవు. రాళ్లున్నాయి, రాళ్ల సంగతి తెలిసిన మనిషి లేడు. ఇలాంటప్పుడు మామూలుగా ఏమవుతుందో మనకు తెలుసు. అలా కాకుండా చేసింది సావిత్రిగారు. ఆమె శాస్త్రవేత్త కాదు. కాని పెళ్లయిన నాటినుంచి భర్తతో కొండలూ గుట్టలూ తిరిగిన మనిషి. ఆమె సొసైటీ అధ్యక్షురాలై సంస్థ బరువు భుజాన వేసుకున్నారు. 1951 నుంచి యునెస్కో సాయం వచ్చింది. నార్వే శాస్త్రవేత్త హోయెగ్ కొంతకాలం డైరెక్టరుగా ఉన్నారు. 1952 చివరికి భవనం పూర్తయింది. అదే ఏడాది సంస్థ పత్రిక ది పేలియోబొటానిస్ట్ మొదటి సంపుటం సాహ్ని స్మారక సంచికగా వచ్చింది. 1953 జనవరి 2న నెహ్రూగారే మళ్లీ వచ్చి భవనాన్ని జాతికి అంకితం చేశారు. 1969లో సంస్థ స్వయంప్రతిపత్తి పొందేదాకా సావిత్రిగారు ఆ బాధ్యత దించలేదు. ఆ సంవత్సరమే పద్మశ్రీ. 1985లో కన్నుమూశారు. సాహ్ని జీవితాలు రాసేవాళ్లు ఆమెకు ఒక వాక్యం ఇచ్చి ఊరుకుంటారు. అది అన్యాయమనిపించి ఇక్కడ ఇంకో నాలుగు రాశాను.

అక్కడి మ్యూజియం పద్ధతి నాకు చాలా నచ్చింది. ఎవరైనా వ్యాసం రాస్తే, అందులో వర్ణించిన, బొమ్మ వేసిన నమూనాలను మ్యూజియానికి అప్పగించాలి. అక్కడ వాటికి నెంబరు వేస్తారు, ఆ నెంబరు వ్యాసంలో అచ్చవుతుంది. అంటే పేరు నీదే, రాయి మాత్రం అందరిదీ. రేపు లోకంలో ఏ మూలనుంచైనా ఒక విద్యార్థి వెళ్లి, ఫలానా నెంబరు చూపించండి, మీరు రాసింది నిజమో కాదో చూస్తాను అనవచ్చు. 2015లో సంస్థ పేరు బీర్బల్ సాహ్ని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పేలియోసైన్సెస్ అని మారింది. పని మొక్కల్ని దాటి పాతకాలపు వాతావరణాల దాకా పోయింది. నమూనాలు చూసే పద్ధతి మాత్రం అదే.

అలా చూస్తే సాహ్ని మాటలే కొన్ని నిలబడలేదు. ఉప్పుకొండల ఉప్పు ఈయోసీన్ కాలానిదని, అందులో దొరికిన సూక్ష్మమైన మొక్కపోగులే సాక్ష్యమని ఆయన గట్టిగా వాదించారు. ఆ ఉప్పు అంతకన్నా ఎన్నో రెట్లు పాతదని, కేంబ్రియన్ నాటిదని తర్వాత తేలింది. దక్కను లావాపొరల వయసు గొడవలో ఆయనది టెర్షియరీ పక్షం. మన రాజమండ్రి దగ్గర కాతేరులో లావాపొరల మధ్య దొరికిన శిలాజాలు కూడా ఆ వాదంలోకి వచ్చాయి. ఇప్పటి లెక్కల్లో ఆ లావా సుమారు ఆరుకోట్ల అరవై లక్షల ఏళ్లది, సరిగ్గా క్రెటేషియస్‌కూ టెర్షియరీకీ మధ్య గెట్టు మీద కూర్చుంది.

మూడోది హోమోక్సైలాన్. రాజమహల్ కొండల కట్టె ఒకదాన్ని కోసి చూసి, మాగ్నోలియా జాతి కట్టెలా ఉందని 1932లో ఆ పేరు పెట్టారు. అదే నిజమైతే పూలమొక్కల పుట్టుక చాలా వెనక్కి పోతుంది. చిన్న సంగతి కాదు. ఆయన పోయాక అదే సంస్థలో బోస్, సాహ్ అనే ఇద్దరు ఆ కట్టెను మళ్లీ పరిశీలించారు. 1954లో ఆ పేరు తీసేసి కొత్త పేరు పెట్టారు: సాహ్నియాక్సైలాన్. అది పూలమొక్క కట్టె కాదని, బెన్నెటైటిస్ వైపుదని ఇప్పుడు అనుకుంటున్నారు.

మొన్న ఉగాదికి ఇంటికి పోయినప్పుడు మా తాత తోటివాడు, ఎనభై దాటిన ఒక పెద్దాయన దగ్గర కూర్చొని గెట్టురాయి సంగతి అడిగాను. ఊరికి తూర్పున వాగు మలుపు దగ్గర గట్టు తవ్వినప్పుడు ఇద్దరూ కలిసి బండికెత్తామని చెప్పాడు. ఎండలో ఆ మలుపుకు పోయి చూశాను. ఎర్రని ఇసుకరాతిలో, ఇంకా పాతుకొని, ఇంకొకటి ఉంది. దాన్ని కదపలేదు. వాగు పేరు, మలుపు, నీటిమట్టం నుంచి ఎంత ఎత్తు, ఆ రోజు తేదీ నోటుబుక్కులో రాసుకొని వచ్చి సారుకు ఇచ్చాను. వానలు పడకముందే పోదామన్నారు.